హమైకా పానకం: టీకా, తాత్పర్యం

అవతారిక

మెక్సికో దేశంలో ఫోండా అనే చిన్న భోజనశాలలలో, అనగా ఇంటివంటను పోలిన మధ్యాహ్నభోజనం తక్కువ ధరకు దొరికే పూటకూళ్ళలో, తిండితోపాటు ఒక గ్లాసు రంగునీళ్ళు కూడా వస్తాయి. పండునో పూవునో గింజనో నీళ్ళతోనూ చక్కెరతోనూ చేర్చి చల్లగా ఇచ్చే ఈ పానీయాలకు ఆగ్వా ఫ్రెస్కా అని సామాన్యనామం. వాటిలో బియ్యం నానబెట్టి రుబ్బి చేసే ఓర్చాతా తెల్లనిది, చింతపండుతో చేసే తమరిందో గోధుమరంగుది, హమైకాతో చేసేది ఎర్రనిది. వీత్రొలేరో అనే పెద్ద గాజుజాడీలలో ఈ మూడూ పక్కపక్కన ఉండగా గరిటెతో ముంచి పోయడం అక్కడి అంగళ్ళలో నిత్యం కనబడేదే. మొదటి రెండింటికీ నానబెట్టడం, రుబ్బడం, గుజ్జు తీయడం వంటి పనులున్నాయి. మూడవదాని విధానం ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది. ఇమిడింది గనుకనే అది సూత్రం, సూత్రం గనుకనే అందులో సందేహాలు దండిగా ఉన్నాయి, సందేహాలున్నాయి గనుక టీక తప్పలేదు.

మూలం

ఎండిన హమైకా పూలను కడిగి, నీళ్ళలో మరిగించి, వడకట్టి, చక్కెర కలిపి, చల్లార్చి, ఐసుముక్కలతో ఇవ్వవలెను.

కర్తృనిర్ణయం, అధికారి

ఈ వాక్యాన్ని ఎవరు చెప్పారని అడిగితే ప్రతి ఇంటివారూ తమ అమ్మమ్మ పేరే చెబుతారు గనుక, అమ్మమ్మలు అసంఖ్యాకులు గనుక, దీన్ని అపౌరుషేయమని నిర్ణయించడమే క్షేమం. ఆ మాట ఇక్కడ రెండర్థాలలోనూ పొసగుతుంది. దాహం గలవాడు దీనికి అధికారి. తేయాకు ఇందులో ఏమాత్రమూ లేదు, కాబట్టి కెఫీన్ కూడా లేదు. దీన్ని టీ అనేది పూలను వేడినీటిలో దించుతారన్న ఒక్క పోలికనుబట్టే. రాత్రివేళా పిల్లలకూ కూడా అధికారం కెఫీన్ లేనందువల్లనే సిద్ధిస్తున్నది. అయితే ఈ పానీయానికి రక్తపోటును కొంత తగ్గించే గుణం ఉన్నందువల్ల, అందుకు ముందే మందులు వాడుతున్నవారూ గర్భిణులూ వైద్యుణ్ణి అడిగిన పిమ్మటనే అధికారులవుతారు.

ప్రతిపదార్థవివరణం

"హమైకా పూలను": హైబిస్కస్ సబ్దరిఫా అని లినేయస్ 1753లో పేరు పెట్టిన మొక్కనుంచి వచ్చినవి అని అర్థం. ఇక్కడ తెలుగు పాఠకుడు కొంత కదిలి కూర్చోవలసి ఉంటుంది, ఎందుకంటే ఈ మొక్క మరేదో కాదు, ఎర్ర గోంగూర. ఒక జాతి మొక్కలోనే ఆకుకోసం పెంచే రకాలూ, నారకోసం పెంచే రకాలూ, కాయను చుట్టిన ఎర్రని కండకోసం పెంచే రకాలూ వేరువేరుగా ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల రైతులు గోగునారకోసం పండించింది ఎత్తుగా ఎదిగే రకాన్ని. తెలుగు వంటింటికి ఆకే ప్రధానం, కాయల పచ్చడి అప్పుడప్పుడు. మెక్సికో వంటింటికి ఆకు అక్కర్లేదు. ఒకే మొక్కను రెండు దేశాలు ఇలా పంచుకొని, ఒకరి వాటా సంగతి ఒకరికి తెలియకుండా శతాబ్దాలు గడిపాయి.

ఇక "పూలు" అన్నది లాక్షణికం, అనగా ముఖ్యార్థం కుదరక దగ్గరి అర్థాన్ని పట్టుకొన్న ప్రయోగం. అసలు పువ్వు లేత పసుపురంగుది, గొంతులో ముదురు ఎరుపు గలది, ఒక్కనాడు విరిసి రాలిపోయేది. అది రాలాక కింద మిగిలిన రక్షకపత్రావళి, అనగా మొగ్గను కాపాడిన పచ్చని తొడుగు, విత్తుల కాయ చుట్టూ కండపట్టి ఎర్రబారుతుంది. అంగట్లో పూలపేరుతో అమ్ముడయ్యేది ఈ తొడుగే. ముఖ్యార్థాన్నే పట్టుకొని పెరట్లోని ఎర్రమందారాలను కోసి మరిగించేవారు కూడా ఉండవచ్చు. వారికి రంగు కొంత దక్కుతుందేమో గాని పులుపు దక్కదు, పులుపు లేనిది హమైకా కాదు.

"ఎండిన": ఆఫ్రికాలో పుట్టిన ఈ మొక్క వలసపాలన కాలంలో మెక్సికో చేరి, పసిఫిక్ తీరంవైపు గెర్రెరో రాష్ట్రంలో స్థిరపడింది, నేటికీ ఆ దేశంలో అత్యధికంగా పండేది అక్కడే, ముఖ్యంగా తెకోఆనాపా, ఆయుత్ల చుట్టుపక్కల. పగటిపొద్దు తగ్గేకొద్దీ పూసే స్వభావం గలది గనుక వర్షాలు వెనకపట్టాక కోతకు వస్తుంది. ఒక్కొక్క తొడుగునూ కాయనుంచి చేత్తో విడదీసి ఎండలో ఆరబెట్టాలి, పచ్చివి సుమారు పది కిలోలు ఎండితే ఒక కిలో మిగులుతుంది. ఈ శ్రమకు తగిన ధర రాకపోవడానికి సూడాన్‌నుంచీ చైనానుంచీ వచ్చే చవక సరుకు ఒక కారణం. మూలవాక్యం ఈ సంగతిని "ఎండిన" అనే మూడక్షరాలతో దాటవేసింది.

"కడిగి": నేలమీద ఆరినవాటికి దుమ్మూ ఇసుకా అంటి ఉంటాయి గనుక ఈ విధి. కడగడం అంటే ముంచి తీయడమేనని గ్రహించాలి. రంగూ పులుపూ చన్నీటిలోనే కారడం మొదలవుతాయి గనుక భక్తిగా నాలుగుసార్లు కడిగినవారు పానకంలో సగాన్ని కాలువలో పోసినవారవుతారు.

"నీళ్ళలో": ఎన్ని నీళ్ళన్నది మూలంలో లేదు. అధ్యాహారం చేసుకోవాలి, అనగా చెప్పని మాటను సందర్భాన్నిబట్టి తెచ్చుకోవాలి. రెండు లీటర్ల నీళ్ళకు ఒక కప్పు పూలు, తూకానికి సుమారు 50 గ్రాములు, అనేది ఎక్కువమందికి సమ్మతం. పాత్ర ఏదన్నది కూడా చెప్పలేదు. పులుసు కాచే నియమమే ఇక్కడా వర్తిస్తుంది. అల్యూమినియమూ కళాయిలేని ఇత్తడీ ఆమ్లానికి లొంగి రుచి చెడగొడతాయి గనుక స్టీలు గాని గాజు గాని మేలు.

"మరిగించి": గ్రంథమంతటికీ గుండెకాయ వంటి ఈ పదం దగ్గర రెండు మతాలు తలపడుతున్నాయి. నిప్పే అక్కర్లేదని, పూలను చన్నీటిలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే ఎనిమిది పన్నెండు గంటలలో పానకం తేటగా, వగరు లేకుండా దిగుతుందని శీతవాదులు అంటారు. వారి పానకం నిజంగానే బాగుంటుంది; అది కాదనలేనిది. కాని నేటి దాహానికి రేపటి నీళ్ళు ప్రయోజనకరం కావు, పైగా చక్కెర చన్నీటిలో కరగనని మొండికేస్తుంది. అగ్నివాదులలో తీవ్రులు అరగంటసేపు ఉడికిస్తారు. ఎరుపుకు కారణమైన ఆంథోసయనిన్లనే వర్ణకాలు ఎక్కువసేపు వేడి తగిలితే విరిగిపోతాయి, వగరు పైకి వస్తుంది; వారి గ్లాసులో ఇటుకరంగు తప్ప మరొకటి మిగలదు. అందువల్ల సిద్ధాంతం ఏమంటే, సగం నీళ్ళు తెర్లగానే పూలు వేసి, సన్నసెగమీద అయిదు నిమిషాలు ఉంచి, దించి, మూతపెట్టి, పావుగంటనుంచి ఇరవై నిమిషాలదాకా కదల్చకుండా ఉంచాలి. మిగిలిన సగం నీళ్ళను చల్లగానే చివర కలపాలి.

రంగు విషయంలో ఒక విశేషం. ఈ వర్ణకాలు ఆమ్లంలో ఎర్రగా ఉండి క్షారం తగిలితే నీలివైపుకూ ఆకుపచ్చవైపుకూ తిరుగుతాయి. వంటసోడా చిటికెడు పడితే చాలు. సబ్బునీళ్ళలో వేసిన గ్లాసు అడుగున నీలిరంగు కనబడడానికీ ఇదే కారణం. దీన్ని అద్భుతరసంగా వర్ణించే వ్యాఖ్యాతలు అంట్లు తోమినవారు కారు.

"వడకట్టి": జల్లెడలోనుంచి తనంత తాను కారనివ్వాలి. మూటకట్టి పిండితే పిప్పి దిగి పానకం మసకబారుతుంది. తెల్లని బట్టతో వడకట్టినవారి బట్టకు ఆ రంగు చాలాకాలం తోడుంటుంది.

"చక్కెర కలిపి": ఇక్కడ క్త్వార్థకాల వరుస సార్థకమైంది. క్త్వార్థకం అనగా ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియ. "చక్కెర కలిపి" అన్నది "చల్లార్చి" అన్నదానికి ముందుండడంవల్ల వేడిమీదనే కలపాలని తేలుతున్నది. క్త్వార్థకానికీ ప్రధానక్రియకూ కర్త ఒక్కరే కావాలని వ్యాకరణ నియమం గనుక, కడిగినవారే మరిగించాలి, వడకట్టాలి, ఇవ్వాలి. ఇంట్లో మిగిలినవారు దీన్ని ఆధారంగా చూపి కదలకుండా కూర్చుంటారు. రెండు లీటర్లకు 100నుంచి 150 గ్రాముల చక్కెర సరిపోతుంది. మెక్సికోలో పిలోన్సీయో అనే శంకు ఆకారపు చెరకుబెల్లం వేసేవారూ ఉన్నారు. బెల్లం మంచిదే గాని దాని సొంతరుచి పూల పులుపుతో పోటీపడి రంగును నలుపెక్కిస్తుంది గనుక ఈ పట్టున తెల్లచక్కెరదే పైచేయి.

నిమ్మరసం పిండడం మూలంలో లేదు, ఉండనక్కర్లేదు. సిట్రిక్, మాలిక్ ఆమ్లాలూ ఈ జాతి పేరు మోసే హైబిస్కస్ ఆమ్లమూ పూలలోనే దండిగా ఉన్నాయి. పులుపుకు పులుపు తోడుచేయడం పునరుక్తిదోషం. దాల్చినచెక్క, లవంగం ప్రక్షిప్తాలు, అనగా తరువాతివారు చొప్పించినవి, సహించవచ్చు. అల్లం కరీబియన్ దీవులలో క్రిస్మస్‌కు చేసే సారెల్‌కూ, పుదీనా సెనెగల్ వారి బిస్సాప్‌కూ చెందిన పాఠాలు. వాటిని ఈ ప్రతిలో కలపడం గ్రంథసాంకర్యం.

"ఐసుముక్కలతో": మూలం అతితేలికగా చెప్పి, అతిముఖ్యమైనదాన్ని దాచిన చోటు ఇదే. మంచు కూడా నీరే. గ్లాసులో వేసిన అయిదారు ముక్కలు కరిగేలోపు మొదట కొలిచిన నీళ్ళ లెక్క మారిపోతుంది. అదీగాక చల్లదనం నాలుకకు తీపిని తక్కువగా తోపింపజేస్తుంది. కాబట్టి గోరువెచ్చగా రుచిచూసినపుడు పులుపు ఒక పాలు మించి, తీపి ఒక పాలు మించి ఉండాలి. వెచ్చగా సరిగ్గా కుదిరిన పానకం చల్లబడ్డాక తప్పకుండా చప్పగా ఉంటుంది. పానకాన్నే గడ్డకట్టించి ముక్కలుగా వేయాలన్న నవీనుల వాదం తర్కానికి నిలుస్తుంది గాని ఫ్రిజ్‌లో చోటుకు నిలవదు.

తాత్పర్యం

మూలంలో చెప్పినదే.

శేషవిచారం

వడకట్టాక జల్లెడలో మిగిలినదానిగురించి మూలం మౌనం వహించింది. మౌనం నిషేధం కాదు. అదే పూలను కొత్తనీళ్ళలో రెండవసారి మరిగించేవారికి లేత గులాబీరంగు తప్ప రుచి చేతికందదు. అంతకంటె వాటిని తరిగి, ఉల్లిపాయా వెల్లుల్లీ నూనెలో వేగాక వేసి, ఉప్పు చల్లి, తడి ఇగిరేదాకా వేయించి, వేడి మొక్కజొన్న తోర్తియాలో చుట్టుకొని తినడం మెక్సికోలో చెల్లుబాటులో ఉన్న పద్ధతి. నమలడానికి కొంత గట్టిగా, మిగిలిన పులుపుతో ఉండే ఈ కూరలో పచ్చిమిరప వేస్తే తెలుగువారికి అన్నంలోకి కూడా పనికివస్తుంది. పానకం మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే నాలుగయిదు రోజులు నిలుస్తుంది, కూర మాత్రం ఆ పూటకే.