ఎండిన చెట్టు బతికింది, పూసిన చెట్టు పోతోంది

చెట్లు కొట్టడానికి అనుమతులిచ్చే అధికారివర్యుల దివ్యసముఖమునకు,

హైదరాబాదు వాస్తవ్యుడు, రెండు చెట్ల యజమాని (అని నేననుకుంటున్నాను, చట్టం అంత తేలిగ్గా ఒప్పుకోదు) నమస్కరించి చేసుకొను విన్నపము.

అయ్యా, మా పెరట్లో వేపచెట్టు ఉంది, వాకిట్లో గుల్‌మొహర్ ఉంది. రెండింటికీ జబ్బే. తమరు వేపను కొట్టెయ్యమన్నారు, గుల్‌మొహర్ జోలికి పోవద్దన్నారు. తమరి మాటకు ఎదురు చెప్పేటంతటి వాణ్ణి కాను గానీ, వేప ఇప్పుడు చిగురించి కళకళలాడుతోంది. గుల్‌మొహర్ ఏ గాలివానకో మా గేటు మీద పడేలా ఉంది.

ముందుగా ఒక మాట. సొంత జాగాలోని చెట్టయినా కొట్టాలంటే అనుమతి ఉండాలన్న 2002 నాటి వాల్టా చట్టం మీద నాకు కోపం లేదు. అదే లేకపోతే మా కాలనీలో ఈపాటికి కారు షెడ్లు తప్ప చెట్లు మిగిలేవి కావు. ఆకులు రాలి వాకిలి పాడవుతోందని ఒకరు, వేళ్లు సంపులోకి వస్తున్నాయని ఒకరు, ఈశాన్యంలో బరువు పనికిరాదని ఇంకొకరు, గొడ్డలి పట్టుకుని సిద్ధంగా ఉండేవాళ్లే అందరూ. వాళ్లకు మీరంటే ఉన్న భయం అలాగే ఉండనివ్వండి.

ఇక వేప సంగతి. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు మాడిపోయిన సంగతి తమరికి గుర్తుండే ఉంటుంది. కొమ్మల చివళ్ల నుంచి మొదలై కిందికి, నిప్పు సెగ తగిలినట్టు గోధుమరంగులోకి తిరిగాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం ఒకవైపు, లేత కొమ్మల రసం పీల్చే టీ దోమ ఒకవైపు. వేపనూనె శిలీంధ్రాలను చంపుతుందంటూ యూరప్‌లో పేటెంటు తీసుకున్న అమెరికా కంపెనీ మీద మనవాళ్లు 2005 దాకా పోరాడి దాన్ని కొట్టించారు. ఆఖరికి అదే వేపను ఓ శిలీంధ్రం పట్టుకుంది చూడండి! ఆ తర్వాతి ఏళ్లలోనూ ఈ తెగులు అక్కడక్కడా కనబడుతూనే ఉంది. మొన్న చలికాలంలో మా చెట్టు వంతు వచ్చింది. పక్కింటి పెద్దాయన ‘ఎండిన చెట్టు ఇంటి ముందు అరిష్టం’ అని పోరు పెట్టగా అర్జీ ఇచ్చాను. మీ ఉద్యోగి వచ్చి, తలెత్తి చూసి, ఫోన్లో ఫొటో తీసుకుని, ‘పోయిందండీ’ అన్నాడు. అనుమతి ఇట్టే వచ్చేసింది. ప్రభుత్వ కార్యాలయంలో అంత వేగం నేనెన్నడూ చూడలేదు.

చెట్లు కొట్టేవాడే దొరకలేదు. సంక్రాంతికి ఊరెళ్లాడు. ఆ లోపల నేనో కొమ్మ వంచి బెరడు గోటితో గీకి చూస్తే కింద పచ్చగా, తడిగా ఉంది. కట్టె చావలేదన్నమాట. మాడిన చివళ్లు కోయించి తగలబెట్టించాను. ఉగాది పచ్చడికి పూత పక్కింటి పెద్దాయన కూడా మా చెట్టు నుంచే కోసుకెళ్లారు.

గుల్‌మొహర్ కథ దీనికి తలకిందులు. చెట్టు మొదట్లో, నేలకు జానెడెత్తున, అరచెయ్యంత పుట్టగొడుగు ఒకటి పుట్టింది. మామూలు పుట్టగొడుగులా మెత్తగా లేదు, చెక్కలా గట్టిగా ఉంది. పైన లక్క పూసినట్టు మెరుపు, అంచున తెల్లటి గీత. గానోడెర్మా అంటారట. పైకి కనిపించేది దాని కాపు మాత్రమే, అసలు పని నేలలోపల వేళ్లను కుళ్లబెట్టడం. కాండాన్ని సుత్తితో తడితే డొల్ల చప్పుడు వస్తోంది. పైన మాత్రం చెట్టు నిండా ఎర్రగా పూలే. అసలే ఈ చెట్టు వేళ్లు పైపైనే పాకుతాయి, కొమ్మలు పెళుసు. పైగా అది విరగబూసేదీ మే నెలలోనే, మన ఊళ్లో ఈదురుగాలులు లేచేదీ అప్పుడే. మీ ఉద్యోగి మళ్లీ వచ్చి, తలెత్తి చూసి, ‘ఇంత బాగా పూస్తుంటే కొట్టడమేంటండీ’ అన్నాడు. వంగి పుట్టగొడుగు చూపించాను. ‘అది కోసి పారెయ్యండి సార్’ అన్నాడు.

అతని తప్పేం లేదు. నాకిచ్చిన ఫారంలో చెట్టు పేరుంది, చుట్టుకొలతుంది, కొట్టడానికి కారణముంది. జబ్బేమిటో రాసే గడి మాత్రం లేదు. ఈలోగా కరెంటోళ్లు తీగలకు తగులుతోందని అదే గుల్‌మొహర్‌ను ఒకవైపంతా నరికి, బరువంతా మా గేటు వైపు మొగ్గేలా చేసి పోయారు. వాళ్లనెవరూ అర్జీ అడిగినట్టు లేదు.

నా విన్నపం చిన్నదే. జబ్బని ఎవరైనా అర్జీ పెడితే, తెగుళ్లు తెలిసినవారొకరు వచ్చి చెట్టును కిందినుంచి పైకి చూడాలి. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయమే ఉంది. 2021లో వేప జబ్బును పట్టుకున్నది అక్కడివాళ్లే. బతికే చెట్టయితే అనుమతికి బదులు మందుచీటీ ఇవ్వండి. పడే చెట్టయితే ఆగకండి. ఢిల్లీలో 1994 నాటి చట్టం, ప్రాణాపాయముంటే ముందు కొట్టేసి 24 గంటల్లో కబురు చెయ్యమంటుంది. మీ కౌంటర్లో ఆ ఊసే వినలేదు. బదులు మొక్క నాటమని చెప్పేటప్పుడు, కుళ్లిన మొద్దు తవ్వి తీయకుండా అదే గుంటలో నాటొద్దని కూడా ఒక ముక్క చేర్చండి. లేకపోతే ఆ శిలీంధ్రం కొత్త మొక్కనూ పట్టుకుంటుంది.

తమరే స్వయంగా తనిఖీకి వస్తే మరీ సంతోషం. సుత్తి నేనే ఇస్తాను. కారు మాత్రం గుల్‌మొహర్ నీడన పెట్టకండి.

ఇట్లు,
తమ విధేయుడు,
అనుమతి చేత పట్టుకుని వేపను కొట్టనివాడు