కాళ్లు తడవని మెకానిక్

సోమశిల రేవులోనైనా, జూరాల ఆనకట్టకు గద్వాల వైపున్న రేవులపల్లి దగ్గరైనా, చిన్నంబావి కింద కృష్ణ వెనక నీళ్లలోనైనా, మోటరు బిగించిన చిన్న పడవ ఒకటి ఉందంటే దానికి ఇద్దరు మనుషులు తప్పక ఉంటారు. నడిపేవాడొకడు, ఒడ్డున నిలబడి దాని రోగం చెప్పేవాడొకడు. మొదటివాడికి పని లేని రోజులుంటాయి గాని రెండోవాడికి ఉండవు. పడవ వెనక మోటరు గొంతు పెంచి అరిచి, పడవ మాత్రం ఉన్నచోటే ఊగిందా, అప్పటిదాకా ఏ వేపచెట్టు కింద ఉన్నాడో గాని మెట్ల మీదికి వచ్చేస్తాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, చేతిలో సగం తాగిన చాయ్ గ్లాసు, కాళ్లకు చెప్పులు. ఆ చెప్పులు నీళ్ల దగ్గర విడిచిన దాఖలా లేదు. పడవ ఒడ్డుకు చేరకముందే తీర్పు వెలువడుతుంది: "పిస్టన్ పోయింది. నేను పోయిన వారమే జెప్పిన." పోయిన వారం మోటరు బాగానే నడిచింది కదన్నా అని అడిగే సందు దొరకదు. ఎందుకంటే ఆయన అప్పటికే తన చేతుల మీదుగా బాగుపడ్డ బోరు మోటర్ల చరిత్రలోకి వెళ్లిపోయి ఉంటాడు.

తెలివితక్కువవాడని కొట్టిపారేస్తే ఈయనకు అన్యాయం చేసినట్టే. ఈయన్ని పుట్టించింది పడవ మోటరు నిర్మాణమే అని నా వాదన. ఇంజను నీటి పైన ఉండి ఊరందరికీ వినిపిస్తుంది. అది తిప్పే ఫ్యాను నీటి కింద ఉండి ఎవరికీ కనిపించదు. నీటి కింద అయిదారు జబ్బులున్నా పైకి వినబడే అరుపు దాదాపు ఒక్కటే. ఫ్యాను నడిబొడ్డుకూ ఇరుసు మీది తొడుగుకూ మధ్య ఒక రబ్బరు బుష్ ఉంటుంది. ఫ్యాను రాయికి కొట్టుకుంటే ఆ దెబ్బ గేర్ల దాకా పోకుండా రబ్బరు జారుతుంది, గేర్లు బతుకుతాయి. అదే రబ్బరు ముదిరి పట్టు వదిలేస్తే ఇరుసు గిర్రున తిరుగుతుంది, ఫ్యాను తిరగీ తిరగనట్టు ఉంటుంది, ఇంజను అరుస్తుంది, పడవ కదలదు. మరీ చిన్న మోటర్లలో రబ్బరుకు బదులు మెత్తటి లోహపు పిన్ను ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు విరిగిపోవడమే దాని ఉద్యోగం. అది విరిగినా అదే అరుపు. మోటరును పడవ వెనక చెక్కకు మరీ ఎత్తులో బిగించినా, బరువంతా ముందు వేసి వెనక భాగాన్ని తేల్చినా, ఫ్యాను నీటితో పాటు పైనున్న గాలినీ లోపలికి లాక్కుంటుంది. గాలిని తోస్తే పడవ ముందుకు పోదు కాబట్టి మళ్లీ అదే అరుపు. రెక్క వంగితే దానికి వణుకు తోడవుతుంది. ఈ జాబితాలో పిస్టన్ లేదు. పిస్టన్ నిజంగా పోయిన ఇంజనుకు అంత గొంతే లేవదు. అంత హుషారుగా అరుస్తోందంటే ఇంజను దాదాపు నిక్షేపంగా ఉందనీ, అది మోయాల్సిన బరువు మధ్యలో ఎక్కడో జారిపోయిందనీ అర్థం.

వీటిని విడదీయడానికి పెద్ద చదువు అక్కర్లేదు, ఒక వరస ఉంటే చాలు. ఇంజను ఆపి, ప్లగ్గు తీగ పీకి, మోటరును పైకి ఎత్తాలి. రెక్కలను చేత్తో తడిమితే సొట్టా పగులూ తెలుస్తాయి. గేరు న్యూట్రల్లో పెట్టి, రెక్క అంచు పక్కన ఒక పుల్లను కదలకుండా పట్టుకొని ఫ్యాను తిప్పితే, అన్ని రెక్కలూ పుల్లకు ఒకే దూరంలో పోతున్నాయో లేదో కనబడుతుంది. ఇరుసుకు వల దారం చుట్టుకొని ఉంటే అదీ బయటపడుతుంది. రబ్బరు మీద అనుమానముంటే లోపలి తొడుగు నుంచి బయటి అంచు దాకా ఒకే గీత గీసి, పడవను కాసేపు నడిపి మళ్లీ ఎత్తి చూడాలి. గీత తెగి ఒక ముక్క పక్కకు జరిగి ఉంటే రబ్బరు జారినట్టే. ఇంత చవకైన పరీక్ష ఇంకో యంత్రానికి దొరకడం కష్టం. కాని ఒడ్డు మెకానిక్కుకు ఇది ససేమిరా గిట్టదు. పది నిమిషాల్లో సంగతి తేలిపోతే మిగతా పొద్దంతా దేని గురించి మాట్లాడాలి?

ఆయన తీర్పుకు మొదటి ఎదురు సాక్షి కృష్ణానదే. వానాకాలంలో జూరాల గేట్లెత్తితే వరదతో పాటు కొమ్మలు, దుంగలు కొట్టుకొస్తాయి. ఆ రోజుల్లో ఫ్యాను దెబ్బతింటే తేలేవాటినే ముందు అనుమానించాలి. శ్రీశైలం జలాశయం 885 అడుగుల నిండు మట్టానికి చేరువలో ఉన్నప్పుడు సోమశిల ముందు రాయి భయం తక్కువ, వలల భయం ఎక్కువ. ఎండలు ముదిరేసరికి మట్టం 40 అడుగులకు పైగా దిగిపోయి, అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటికొస్తుంది. జనం దండం పెట్టుకోవడానికి పడవలెక్కుతారు. గుడి తేలిందంటే, ఇంకా తేలని బండలూ మునిగిన ఊళ్ల మొండిగోడలూ చెట్ల మోడులూ ఫ్యానుకు అందేంత పైకి వచ్చాయన్నమాట. భక్తుల పడవకు అసలు గండం అక్కడే ఉంది. కాబట్టి మోటరు ఆగినప్పుడు ముందు అడగాల్సిన ప్రశ్న ఇది ఏ నెల అని. ఈయన తీర్పుకు మాత్రం కార్తెలతో పని లేదు. రోహిణికీ పిస్టనే, మృగశిరకూ పిస్టనే.

అనుభవానికి విలువ లేదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పాలమూరు మనిషి యంత్రవిద్య నేర్చుకున్నది బోరుబావి దగ్గర. వందల అడుగుల లోతున ఉన్న మోటరు జబ్బును పైన ఆంపియర్ మీటరు ముల్లు చూసి, పైపులో వచ్చే ధార చూసి చెప్పగలిగినవాళ్లు వనపర్తిలోనూ నాగర్‌కర్నూల్లోనూ ఉన్నారు. కనబడనిదాన్ని పట్టుకోవడం ఇక్కడివాళ్లకు కొత్త విద్య కాదు. కాని బోరు మెకానిక్కు చేతిలో మీటరుంది. తన మాట తప్పితే దింపిన పైపులన్నీ మళ్లీ పైకి లాగాలన్న భయముంది. ఒడ్డు మెకానిక్కుకు రెండూ లేవు. పైగా బోరు మోటరు బయటికి తీయడం ఒక పూట పని, పడవ మోటరు ఎత్తడం ఒక చేతి పని. విచిత్రమేమిటంటే, పిస్టన్ మాట ఎవరూ ఒప్పుకోని రోజున ఆయన బోరు అలవాటు కొద్దీ "గాలి పట్టింది" అంటాడు, ఆ మాట కొన్నిసార్లు అక్షరాలా నిజమవుతుంది. నీళ్లలో తిరిగే రెక్క మహామహులనే ఏడిపించింది. చార్ల్స్ పార్సన్స్ 1894లో టర్బీనియా అనే ఆవిరి నౌకను దింపితే అంత బలమైన యంత్రం ఉండీ అది అనుకున్న వేగం అందుకోలేదు. ఫ్యాను మరీ వేగంగా తిరిగి, రెక్కల వెనక ఒత్తిడి పడిపోయి, నీరే ఆవిరి బుడగలైపోతోందని తేలింది. పార్సన్స్ చిన్న తొట్టి ఒకటి చేయించి, దాని కిటికీలోంచి ఆ బుడగలను కళ్లారా చూశాడు. తరవాత మూడు ఇరుసులకు మూడేసి చొప్పున తొమ్మిది ఫ్యాన్లు తొడిగి, 1897లో బ్రిటిష్ నౌకాదళ సంబరంలో ఆ నౌకను 34 నాట్ల వేగంతో పరిగెత్తించాడు. అంతటివాడు తొట్టి కట్టి చూశాడు. మనవాడు వంగి చూడడు.

కొల్లాపూర్, ఆత్మకూరుల్లో ట్రాక్టరు బాగుచేసేవాళ్లు దొరికినట్టు పడవ మోటరు చూసేవాళ్లు దొరకరు, ఉన్నవాణ్ణి వెక్కిరిస్తే ఎట్లా అన్నది ఇంకో అభ్యంతరం. దీనికి జవాబు కొంచెం ఖరీదైనది. పిస్టన్ అన్న అనుమానంతో కార్బురేటర్ విప్పి కడిగి రెండు రోజులు పోగొట్టే లోపు, ఇరుసుకు చుట్టుకున్న సన్నటి నైలాన్ దారం సీలును కోసేస్తుంది. నీళ్లు గేర్ల పెట్టెలోకి దూరతాయి, నూనె పాలరంగుకు తిరుగుతుంది, చేత్తో లాగేస్తే పోయే దారం గేర్లకు ఎసరు పెడుతుంది. ఆయన రెండో సలహా ఇంకా బరువైనది: "పెద్ద ఫ్యాన్ ఎయ్యి, ఉరుకుతది." ఫ్యాను మీద రెండు అంకెలుంటాయి. ఒకటి వ్యాసం, రెండోది పిచ్, అంటే లెక్క ప్రకారం ఒక చుట్టుకు ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో అది. పిచ్ ఒక అంగుళం పెంచితే ఇంజను నిమిషానికి సుమారు 150 నుంచి 200 చుట్లు తగ్గుతుంది. మనుషులతో, బుట్టలతో నిండిన పడవకు అలాంటి ఫ్యాను తగిలిస్తే, పూర్తి వేగానికి కంపెనీ చెప్పిన చుట్లు ఇంజను ఎన్నటికీ అందుకోలేదు. మూలుగుతూ, వేడెక్కుతూ, మసి పట్టించుకుంటూ నడుస్తుంది. అలా కొన్నాళ్లు నడిస్తే పిస్టన్ నిజంగానే పోతుంది. "జెప్తే ఇన్నరా?" అనడానికి ఆయనకు అంతకంటే మంచి ముహూర్తం రాదు.

అయితే ఒడ్డు మీదనుంచి తరిమేద్దామా? వద్దు. పడవను గట్టుకు లాగాల్సి వస్తే పదిమందిని కేకేసి పిలిచేది ఆయనే. పాత పిన్ను ఎవరి ఇంట్లో ఉందో ఎరిగినవాడూ ఆయనే. అన్నిటికంటే ముఖ్యం, ఆయనకు తాతల నాటి నేల గుర్తుంది. ఇప్పటి నీళ్ల కింద ఏ బావి ఎక్కడుండేదో, ఏ గుట్ట తల ఎంత మట్టానికి పైకొస్తుందో ఏ మెకానిక్కూ చెప్పలేని సంగతి. పడవ అవస్థ పడుతుంటే ఆయన తన ధోరణిలో, "గా మలుపు కాడ మా తాత జమానాల చావడి అరుగుండె, బిడ్డా, యాసంగిల దాని మీద కూసుందురట" అని కబుర్లు మొదలుపెడతాడు. తన నోట అసలు రోగం పేరు బయటపడిందని ఆయనకు తెలియదు. వివరం తెలిసిన పడవవాడు పిస్టన్ సంగతి వదిలేసి ఆ అరుగు సంగతి పట్టుకుంటాడు, మలుపు దగ్గర తాను ఏ వైపు నుంచి వచ్చాడో గుర్తు చేసుకుంటాడు, మోటరు ఎత్తుతాడు. రెక్క అంచు వంగి ఉంటుంది, దాని మీద సున్నపు గీతలు కూడా ఉంటాయి.

"సూస్తివా," అంటాడు ఒడ్డు మీదివాడు చాయ్ గ్లాసు కింద పెట్టి, "పిస్టన్ మంచిగనే ఉందని నేను ముందుగాల్నే జెప్పిన."