తెల్లపొడి

గోడ నాకు ముందే చెప్పింది. నేనే వినలేదు.

మా ఊరి ఇంట్లో ఎక్కడ డ్రిల్లు పెట్టినా ముందు ప్లాస్టరింగు రాలేది, ఆ వెనకే ఎర్రటి ఇటుక పొడి. చేతులు తిమ్మిరెక్కేవి. హైదరాబాదు ఫ్లాటులో 65 అంగుళాల టీవీకి కన్నాలు పెడుతుంటే, ప్లాస్టరింగు దాటగానే బిట్టు సర్రున దిగిపోయింది. రాలింది తెల్లటి పొడి, ముగ్గుపిండిలా మెత్తగా. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "మేస్త్రీని పిలుద్దామండీ" అంది మా ఆవిడ. "నాలుగు స్క్రూలకి మేస్త్రీ ఎందుకు?" అని మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులే కొట్టేశాను.

అది ఇటుక కాదు, ఏఏసీ బ్లాకు. సిమెంటు, సున్నం, ఫ్లైయాష్ కలిపిన ముద్దలో అల్యూమినియం పొడి వేస్తే ఇడ్లీ పిండిలా పొంగుతుంది. దాన్ని ఆవిరిలో గట్టిపరుస్తారు. లోపలంతా గాలి గదులే. ప్లగ్గు ఉబ్బి బిగుసుకోవాలంటే చుట్టూ గట్టి సరుకుండాలి. ఇక్కడ అది నలిగి పొడైపోతుంది. పైగా నేను కొన్నది ముందుకు లాగే స్టాండు. పాతిక కిలోల టీవీని అర మీటరు ముందుకు లాగితే, పావు మీటరు ఎత్తున్న ప్లేటు పై స్క్రూలను యాభై కిలోల బలంతో బయటికి గుంజుతుంది. గోడ మోసే బరువే చూశాను, గుంజే బరువు తలపుకే రాలేదు.

మూడు వారాలకి, రాత్రి పదకొండింటికి పడింది. పది నిమిషాల ముందు వరకూ మా పాప దాని కిందే చాప మీద బొమ్మలకి రంగులు వేసుకుంటోంది. టీవీ మూల తగిలి చాప కింది టైలు పగిలింది. ప్లగ్గులు చిరగలేదు, స్క్రూలతో పాటే ఊడొచ్చాయి, ఒంటినిండా తెల్లపొడితో.

"ప్లగ్గులు నాసిరకం" అన్నాను మా ఆవిడతో. ఇన్నాళ్లూ నన్ను తొలిచేసింది ఆ మాటే.

తర్వాత మేస్త్రీ వచ్చాడు. గోడకి ఇటునుంచి అటు కన్నాలు పెట్టి, పడగ్గది వైపు ఇనప ప్లేటు వేసి బోల్టులు బిగించాడు. డ్రిల్లు తిరుగుతుంటే మళ్ళీ అదే తెల్లపొడి నేలమీద రాలింది. మా ఆవిడ చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ రోజూ ఇదే రాలింది, నేను చూశాను" అన్నాను.