ఫైనల్_న్యూ_2: సెలైన్ వ్యాఖ్యా సమేతము

అవతారిక

గ్రంథకర్త ఒక యువకుడు. గ్రంథం లారీల తూకం చీటీ అచ్చువేసే ప్రోగ్రాము. ప్రయోగస్థలం చెన్నై మనలి: రిఫైనరీ గోడ దాటాక, కంటైనర్ లారీలు పగలూ రాత్రీ బారులు తీరే రోడ్డు మీద ఒకానొక వే బ్రిడ్జి ఆఫీసు. అక్కడ లెక్కలు చూసే నాకు ఈ కృతి అంకితంగా రాలేదు, మెయిల్లో వచ్చింది. ఆశ్వాసాంత గద్య ఉండవలసిన చోట కర్త మూడు ముక్కలు రాశాడు: అంతా కంటైనరైజ్ చేసేశాను, కోడ్ సెల్ఫ్ ఎక్స్‌ప్లనేటరీ, వేరే డాక్యుమెంట్ అక్కర్లేదు. ఆపై ఉద్యోగం మారాడు.

సెల్ఫ్ ఎక్స్‌ప్లనేటరీ, అనగా స్వయంవ్యక్తము. వైష్ణవ సంప్రదాయంలో స్వయంవ్యక్త క్షేత్రాలు ఎనిమిది: శ్రీరంగం, శ్రీముష్ణం, తిరుమల, వానమామలై, సాలగ్రామం, నైమిశం, పుష్కరం, బదరి. దేవుడు తనంతట తానే వెలిసిన చోట్లకు కూడా స్థలపురాణం ఉంది, అర్చకుడున్నాడు, క్యూలో ఎటు తిరగాలో చెప్పే బోర్డు ఉంది. ఈ తొమ్మిదో క్షేత్రానికి అవేవీ లేవు. భక్తుడే ఊహించుకోవాలి.

కాళిదాసు వాక్కు చెడ్డ వ్యాఖ్యల విషం తాకి మూర్ఛపోయిందనీ, తన సంజీవని వ్యాఖ్య దాన్ని లేపుతుందనీ కోలాచలం మల్లినాథసూరి చెప్పుకున్నాడు. మెదక్ సీమలోని కొలిచారమే ఆ ఇంటిపేరుకు మూలమంటారు. ఇక్కడ వాక్కుకు మూర్ఛ పుట్టుకతోనే ఉంది కాబట్టి సంజీవని దాకా ఆశపడక, నా వ్యాఖ్యకు సెలైన్ అని పేరు పెడుతున్నాను.

మూలము

ఫ్రమ్ ఉబుంటు : లేటెస్ట్
కాపీ . .
రన్ చ్‌మాడ్ 777 ఫైనల్_న్యూ_2
సీఎండీ ./ఫైనల్_న్యూ_2

నాలుగు పాదాలు. యతి లేదు, ప్రాస లేదు, సంతకం లేదు.

టీక

రన్, సీఎండీ: స్పష్టములు. తేలిక మాటకు అమరకోశమంతా దించి, కొరుకుడుపడని చోట స్పష్టమని దాటిపోవడం పూర్వుల మర్యాద. దాన్ని తిరగేసినందుకు పండితులు క్షమింతురు గాక.

కాపీ . . : మొదటి చుక్కకు ఇక్కడ ఉన్నదంతా అని అర్థం, రెండో చుక్కకు అక్కడికి అని అర్థం. ఉన్నదంతా అనడంలో కర్త ఔదార్యం వ్యక్తం. ప్రోగ్రాముతో పాటు ఎవరిదో పెళ్లి శుభలేఖ పీడీఎఫ్, రెండు సినిమా పాటలు, పాస్‌వర్డులు రాసుకున్న నోట్ కూడా పెట్టెలోకి వచ్చి చేరాయి. ఏవి లోపలికి రాకూడదో జాబితా రాసి పక్కన పెట్టుకునేందుకు, ఈ పెట్టెలు కట్టే డాకర్‌లో ఒక చిన్న ఫైలు ఏర్పాటుంది. ఉదారులు అటువైపు చూడరు.

777: యజమానికి ఏడు, ఆయన బృందానికి ఏడు, లోకానికి ఏడు. చదవడానికి నాలుగు, రాయడానికి రెండు, నడపడానికి ఒకటి కలిపితే ఏడు. ఈ ఫైలును ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, నడపవచ్చు. ఇందులో చదవవచ్చు అన్నది అర్థవాదమే గాని విధి కాదు. కారణం ముందు తెలియగలదు.

లేటెస్ట్: శంక. ఇది సరికొత్తదని అర్థం కదా? సమాధానం. కాదు. ఇది ఒట్టి ముద్ర. ఏ ముద్రా చెప్పకపోతే డాకర్ తనంతట వేసుకునే ముద్ర. నిరుడు తెచ్చిన లేటెస్టూ, ఈ ఏడు తెచ్చే లేటెస్టూ ఒకటే కానక్కర్లేదు. ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ వారు పాపం పేరులోనే జాతకం రాసి ఇచ్చారు: 22.04 అంటే 2022 ఏప్రిల్, 24.04 అంటే 2024 ఏప్రిల్. ఆ అంకె చెరిపేసి లేటెస్ట్ అనడం ఎలా ఉందంటే, తద్దినానికి కూర్చుని తిథి అడిగిన పురోహితుడితో ఈమధ్యే పోయారండీ అన్నట్టుంది. ఏ సంకల్పం చెబుతాడాయన? మా ఆఫీసులో పాత కంప్యూటర్ చెడిపోయి కొత్తది పెట్టిన రోజున ఈ లేటెస్ట్ వేరే ఉబుంటును తెచ్చింది, ప్రింటర్ మూగబోయింది. ఎక్కడ నడిపినా ఒకేలా నడుస్తుందన్నదే కదా కంటైనర్ గొప్ప! ఆ గొప్పను మొదటి పాదంలోనే కర్త తన చేతులతో తీసేశాడు.

కంటైనర్: ఈ పదం మూలంలో లేదు. మెయిల్లో ఉంది గనుక వ్యాఖ్యానార్హం. 1979 నాటి యూనిక్స్ ఏడో ప్రతిలో, ఒక ప్రోగ్రామును ఒకే గదిలో కూర్చోబెట్టి ఇదే నీ లోకమని నమ్మించే చ్‌రూట్ అనే ఉపాయం ఉంది. 2000లో ఫ్రీబీఎస్‌డీ వారు దానికి జైలు గోడలు కట్టారు. ఆ తర్వాత లైనక్స్‌లో ఎవరి మెమరీ ఎంత, ఎవరికి ఏమి కనబడాలి అన్న కట్టుబాట్లు వచ్చాయి. 2013 మార్చిలో సాంటా క్లారాలో పైథాన్ వారి సభలో సాలమన్ హైక్స్ అయిదు నిమిషాల ప్రసంగంలో డాకర్‌ను లోకానికి చూపించాడు. నా మెషీన్లో పనిచేస్తోందండీ అనే చిరకాల సమాధానానికి అది మందు. దాని ముద్ర వీపున పెట్టెలు మోసే తిమింగిలం. తిమిని మింగేది తిమింగిలం, దాన్నీ మింగేది తిమింగిలగిలం అని చెప్పి కోశకారులు ఊరుకున్నారు. మన కర్త ఊరుకోలేదు. ఆఫీసు విండోస్ కంప్యూటరు, దాని పొట్టలో వర్చువల్ మెషీను, దాని పొట్టలో డాకరు, దాని పొట్టలో కంటైనరు, దాని పొట్టలో రెండు సంఖ్యల మధ్య ఒక తీసివేత.

అసలు కంటైనర్ మా కిటికీలోంచి కనబడుతుంది. మాల్కం మెక్లీన్ అనే లారీల యజమాని 1956 ఏప్రిల్ 26న నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు ఐడియల్ ఎక్స్ అనే ఓడ మీద 58 పెట్టెలు పంపడంతో ఈ కథ మొదలు. పెట్టెను తెరవకుండా లారీ మీంచి ఓడ మీదికి, ఓడ మీంచి లారీ మీదికి మార్చవచ్చు. తెరవకుండా మార్చాలంటే బయట రాసినది చదవడానికి వీలుగా ఉండాలి. ఈ రెండో సంగతి మన కర్తలకు చేరలేదు.

ఏ కంటైనర్ తలుపైనా చూడండి. నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర గళ్లో ఒంటరిగా ఇంకో అంకె. మొదటి మూడు అక్షరాలు యజమానివి, నాలుగోది సరుకు పెట్టెలకు యూ. చివరి ఒంటి అంకెలో ఉంది కవిత్వం. అక్షరాలకు విలువలున్నాయి: ఏకి 10, బీకి 12, సీకి 13. పదకొండును వదిలేశారు. 22నూ వదిలేశారు, 33నూ వదిలేశారు, ఎందుకంటే చివరికి భాగించేది పదకొండుతోనే. మొదటి స్థానాన్ని ఒకటితో, రెండోదాన్ని రెండుతో, మూడోదాన్ని నాలుగుతో, ఇలా రెట్టిస్తూ గుణించి, అన్నీ కూడి, పదకొండుతో భాగిస్తే మిగిలేది ఆ ఒంటి అంకె. పది మిగిలితే సున్న. పాఠాల్లో చెప్పే ఉదాహరణ సీ ఎస్ క్యూ యూ 305438. అక్షరాల వంతు 441, అంకెల వంతు 5744, మొత్తం 6185. పదకొండుతో భాగిస్తే మిగిలేది 3. తలుపు మీదా 3 ఉండాలి. వానలో తడుస్తూ గేటు దగ్గర కుర్రాడు ఒక అంకె తప్పు రాసుకున్నా లెక్క దాదాపు ఎప్పుడూ వెంటనే పట్టిస్తుంది.

ఇది విని ఒళ్లు పులకించని తెలుగువాడు అక్షరాలకు అంకెలు కట్టే కటపయాది ఎరగనివాడు. క ట ప య అన్నీ ఒకటి, ఖ ఠ ఫ ర అన్నీ రెండు, న ఞ అచ్చులు సున్న. ఈ లెక్కతో పేర్లు పెట్టిన మేళకర్త రాగాలు 72. సంగీతం నేర్చే పిల్ల మొదట పాడే మాయామాళవగౌళలో మ అయిదు, య ఒకటి. అంకెల్ని కుడినుంచి ఎడమకు చదవాలి గనుక పదిహేను. అది పదిహేనో మేళం. శంకరాభరణానికి ముందు ధీర తగిలించారు: ధ తొమ్మిది, ర రెండు, ఇరవై తొమ్మిదో మేళం. ఆ పేరు పెట్టినవాళ్ల నాగరికత చూడండి. లెక్క కావలసినవాడికి లెక్క ఉంది, పాట కావలసినవాడికి శంకరాభరణం చెక్కుచెదరకుండా ఉంది. మేళం29 అని పెట్టి చేతులు దులుపుకోలేదు. రాగం_ఫైనల్ అనీ అనలేదు. ఇంకో పదిహేను రాగాలు చెప్పాలని ఉంది గాని గేటు దగ్గర లారీ హారన్ కొడుతోంది.

తలుపు మీద ఇంకా కొన్ని వరుసలున్నాయి. గరిష్ఠ స్థూల బరువు: చాలా పెట్టెల మీద 30,480 కిలోలు. టేర్, అనగా ఖాళీ పెట్టె బరువు: ఇరవై అడుగుల పెట్టెకు రెండు టన్నుల పైచిలుకు. మోయగల సరుకు. లోపలి ఘనపరిమాణం. కిలోలూ పౌండ్లూ రెండూ. కొరియా క్రేన్ మనిషీ, నెల్లూరు డ్రైవరూ, మనలి గుమాస్తా ఒకే అర్థం చెప్పుకుంటారు. 2016 జూలై 1 నుంచి, నింపిన పెట్టె బరువు ధ్రువీకరించి చెప్పనిదే ఓడ ఎక్కించకూడదని అంతర్జాతీయ నియమం. నింపిన పెట్టెనే తూచవచ్చు, లేదా సరుకు విడిగా తూచి తలుపు మీది టేర్ కలపవచ్చు. అంటే తలుపు మీది ఆ ఒక్క వరుసను నమ్ముకుని ఓడలు తేలుతున్నాయి.

ఇంకా ఉంది. 2015లో కస్టమ్స్ వారు పట్టుకున్న అమ్మోనియం నైట్రేట్, 37 కంటైనర్లలో దాదాపు 697 టన్నులు, మా మనలిలోనే ఒక యార్డులో అయిదేళ్లు ఉండిపోయింది. 2020 ఆగస్టు 4న బీరూట్ రేవులో 2,750 టన్నుల అదే సరుకు పేలి నగరంలో చాలా భాగం ధ్వంసమయ్యాక ఈ పెట్టెలు అందరికీ గుర్తుకొచ్చాయి. ఆ నెలలోనే, వేలంలో కొన్న హైదరాబాద్ కంపెనీకి లారీల మీద సాగనంపారు. పెట్టెలకు ఏ లోపమూ లేదు. మూత గట్టిగానే ఉంది. లోపల ఉన్నదాన్ని మళ్లీ చదవవలసిన పని ఎవరిదో ఒకరిదని మాత్రం బీరూట్ వచ్చి చెప్పాల్సి వచ్చింది.

వ్యాఖ్యేయం మరిచాను. ఫైనల్_న్యూ_2 లోపలి ప్రధాన వాక్యం ఇది:

డేటా2 = డేటా1 − టెంప్

దీనికి కర్తే ఒక స్వోపజ్ఞ వ్యాఖ్య రాసుకున్నాడు: డేటా1 నుంచి టెంప్‌ను తీసివేయుట. మూలం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథుడు పెట్టుకున్న రెండు నియమాల్లో మొదటిదాన్ని మనవాడు అక్షరాలా పాటించాడు. మూలాన్నే మళ్లీ రాశాడు. ఇప్పుడీ రకం వ్యాఖ్యలు రాసిపెట్టే కృత్రిమ మేధ కూడా వచ్చింది కాబట్టి, వరుసకో వ్యాఖ్య ఉచితం.

అన్వయం. ఇందులో మూడు మతాలున్నాయి. డేటా1 లోడు తూకం, టెంప్ ఖాళీ తూకం, డేటా2 సరుకు అని ఒక మతం. లోడుతో వచ్చి దించి పోయే లారీకి ఇది పొసగుతుంది. ఖాళీగా వచ్చి లోడెక్కించుకు పోయే లారీకి డేటా1 ఖాళీ తూకం, టెంప్ లోడు తూకం అవుతాయని రెండో మతం. ఏది ఎప్పుడో ఎక్స్ అనే ఒక అక్షరం నిర్ణయిస్తుందని మూడో మతం. ఆ ఎక్స్ వేరే ఫైలులో ఉంది, దాని పేరు ఇతరత్రా_పాతది. పింగళి సూరన రాఘవపాండవీయంలో ప్రతి పద్యానికీ రామాయణార్థం ఒకటి, భారతార్థం ఒకటి. అయితే సూరన ఆ మాట గ్రంథం పేరులోనే చెప్పేశాడు. చదివేవాడు రెండు దీపాలు వెలిగించుకునే కూర్చుంటాడు. మన కర్త ద్వ్యర్థి కావ్యం రాసి దానికి తూకం చీటీ అని పేరు పెట్టాడు.

ఎక్స్ ఖాళీగా ఉండిపోయిన ఒక మధ్యాహ్నం చీటీ మీద నికర బరువు మైనస్ పద్దెనిమిది టన్నులని అచ్చయింది. డ్రైవరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నేను సరుకు తెచ్చానా సార్, అప్పు తెచ్చానా అన్నాడు. వెనక లారీలు మలుపు దాకా ఆగిపోయాయి. కంటైనర్ మాత్రం నిక్షేపంగా నడుస్తోంది. నడుస్తోందని పచ్చదీపం కూడా చూపిస్తోంది.

విశేషములు

ఫోర్‌ట్రాన్ కాలంలో పేరుకు ఆరక్షరాలకు మించి చోటు లేదు, అప్పుడు పొట్టి పేర్లు పెట్టారంటే అర్థముంది. ఇప్పుడు వీఎస్ కోడ్‌లో పేరు మీద ఎఫ్2 నొక్కి కొత్త పేరు కొడితే, వాడిన చోటల్లా అదే మారుతుంది. వరుసలు సర్దే పరికరం ఉంది, వాడని పేరును ఎత్తిచూపే పరికరం ఉంది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో భద్రపరిచే గిట్ 2005 నుంచీ ఉంది. మన కర్త గిట్ చరిత్ర కూడా చదివాను. అప్‌డేట్. అప్‌డేట్ 2. ఫిక్స్. నిజంగా ఫిక్స్. ఎందుకు అన్న గడిలో ఇంతకు మించి ఏమీ లేదు. కార్ఖానా నిండా పనిముట్లు పెట్టుకుని, పెట్టె చేయడం ఒక్కటే నేర్చుకున్నారు.

డొనాల్డ్ నూత్ 1984లో, ప్రోగ్రామును మనిషికి చెప్పే వ్యాసంలా రాయాలని, మూలమూ వివరణా ఒకే కాగితం మీద పెట్టే పద్ధతి ఒకటి ప్రతిపాదించాడు. మద్రాసు వావిళ్ల వారి సటీక ప్రతులు చూసినవారికి ఇందులో వింత లేదు: పైన పద్యం, కింద ప్రతిపదార్థం, ఆ కింద తాత్పర్యం. అంత కష్టం ఎవరూ పడనక్కర్లేదు. తలుపు మీద నాలుగు వరుసలు చాలు.

తాత్పర్యము

బాబూ, ఈ వ్యాఖ్య నీ కొత్త ఆఫీసుకు చేరితే: లేటెస్ట్ తీసి అంకె వెయ్యి. డేటా1ను మొదటి_తూకం అను, టెంప్‌ను రెండో_తూకం అను, డేటా2ను సరుకు_బరువు అను. ఎక్స్ బదులు లారీ_ఖాళీగా_వచ్చిందా అని రాయి, ఎంత పొడుగైనా పర్వాలేదు. కూర్చుంటే అరగంట పని. పైన ఒక్క వరుసలో ఎందుకు రాశావో చెప్పు, ఏమి రాశావో మేం చూసుకుంటాం. శుభలేఖ అందింది, దంపతులకు మా ఆశీస్సులు. ఆ పాస్‌వర్డులు మాత్రం ఇవాళే మార్చుకో.