చెరువుకు వీపు, కెమెరాకు మొహం

మొత్తానికి మా ఊరి చెరువుకీ వచ్చేసింది. అదే, మీ ఊళ్లో నిరుడే వచ్చిందే, అది. కట్ట మీద మనిషెత్తు ఇంగ్లీషు అక్షరాలు, మొదట 'ఐ', చివర ఊరి పేరు, నడుమ ఎర్రటి గుండెకాయ. చీకటి పడితే గుండెకాయలో లైటు వెలుగుతుంది. మంజూరైన రోజు ఫ్లెక్సీలు కట్టారు, ప్రారంభించిన రోజు డప్పులు కొట్టించారు. 'చెరువుకు పూర్వవైభవం' అని ఫ్లెక్సీ మీద రాశారు. పూర్వం చెరువులకు లైట్ల గుండెకాయలుండేవని నాకు ఈ వయసులో తెలిసింది.

ప్రేమంటే నాకేం కోపం లేదు. అది ఎటు తిరిగి ఉందన్నదే నా గోల. అక్షరాలు రోడ్డు వైపు చూస్తున్నాయి. వాటి ముందు ఫొటో దిగాలంటే చెరువుకు వీపు పెట్టాల్సిందే. పోనీ అటువైపు నుంచి దిగుదామంటే అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. కాబట్టి ఊరంతా వంతులవారీగా వచ్చి, చెరువుకు వీపు పెట్టి, చెరువంటే ప్రాణమని చాటుకుని ఇంటికి పోతోంది. మొన్న ఆదివారం సాయంత్రం అరగంట అక్కడే కూర్చుని లెక్కపెట్టాను. ముప్పై ఒక్క మంది వచ్చారు. నీళ్ల వైపు తిరిగినవాళ్లు ఇద్దరు. ఒకాయన ఉమ్మడానికి, ఒక పిల్లవాడు రాయి విసరడానికి. ఆ పిల్లవాడికి నా తరఫున నూటికి నూరు మార్కులు. రాయి పడ్డ చప్పుడు వినడానికి వాడు చెవి రిక్కించాడు. చెరువు లోతెంతో తెలుసుకోవాలన్న కుతూహలం ఆ కట్ట మీద వాడికొక్కడికే పుట్టింది.

మూడో రోజున గుండెకాయ ఆరిపోయింది. నాలుగో రోజు పొద్దున ఏడింటికల్లా నిచ్చెన వచ్చింది, మనిషి వచ్చాడు, బల్బు వచ్చింది. అదే కట్ట మీద, అక్కడికి నూరడుగుల దూరంలో తూము ఉంది. దాని తలుపు తుప్పు పట్టి బిగుసుకుపోయి తొమ్మిదేళ్లు. అర్జీలు పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ని. మొదటిసారి 'చూస్తాం' అన్నారు. రెండోసారి 'ఇది మా శాఖ కిందికి రాదు' అన్నారు. మూడోసారి 'తూమంటే ఏది?' అని అడిగారు. దిష్టి తగులుతుందేమో గానీ, మన వ్యవస్థకు గుండె పనిచేసినంత చురుగ్గా కాళ్లూ చేతులూ పనిచేయవు.

అక్షరాల అందం చెడకుండా కట్ట పొడవునా స్టీలు రెయిలింగు వేశారు. బాగానే ఉంది, పిల్లలు పడిపోరు. కానీ మొన్న సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లు బతుకమ్మలెత్తుకుని వచ్చి రెయిలింగు ఇవతల నిలబడిపోయారు. నీళ్ల దాకా దిగే మెట్లు రాతి పలకల కింద పోయాయి. మరెట్లా అంటే, పక్కన సిమెంటు తొట్టి కట్టించాం, అందులో వేయండమ్మా అన్నారు. తంగేడూ గునుగూ ట్యాంకరు నీళ్లలో తేలాయి. పది అడుగుల అవతల చెరువు చూస్తూ ఉంది. ఏడాదికొక్కసారి ఊరంతా చెరువుకు ఎదురుగా నిలబడే పండుగ అదొక్కటే ఉండేది. అదీ అయిపోయింది.

ఇక కట్ట మైసమ్మ. ఆమె గుడిసె ఇప్పుడు 'ఐ' అనే అక్షరం వెనక పడింది. ఒకప్పుడు మత్తడి దుంకిందంటే ఊరు ఊరంతా వచ్చి ఆమెకు కోడినో యాటనో ఇచ్చేది. అదీ ప్రేమే, కాకపోతే భయం కలిసిన ప్రేమ. తెగితే ఊరు కొట్టుకుపోతుందని తెలిసినవాళ్ల ప్రేమ. రాత్రిపూట వాన పడుతుంటే మా నీరటి తాత గొంగడి కప్పుకుని, లాంతరు పట్టుకుని కట్ట పొడవునా నడిచేవాడట. ఎండ్రకాయ బొక్క కనబడితే అప్పటికప్పుడు మట్టి కొట్టేవాడట. ఏ మడికి ఎప్పుడు నీళ్లు పారాలో ఆయన మాటే చెల్లేది. పంట ఇంటికొచ్చాక ప్రతి రైతూ కల్లంలోనే ఆయనకు మేర కొలిచేవాడు. ఆయన మనవడు ఇప్పుడు ఆ బోర్డుకు వాచ్‌మన్. అక్షరాల మీదికి పిల్లలు ఎక్కకుండా చూడటమే పని. నెలకు జీతం అట, రెండు నెలలుగా రాలేదట.

నీళ్లకిచ్చే హారతుల సంగతి నేను ఎత్తను. పళ్లెంలో కర్పూరం, కింద మురుగు. చూసినవాళ్లు చూశారు. బడిపిల్లల చేత చేయించే జల ప్రతిజ్ఞ గురించి కూడా వద్దు, పిల్లలు కుడిచెయ్యి చాపుతారు, ఎడమచేతిలో ప్లాస్టిక్ నీళ్ల సీసా ఉంటుంది.

కానీ మూసీ గురించి మాట్లాడకుండా ఉండలేను. ఎందుకంటే మా చెరువు నిండితే కింది కుంటలోకి దుంకాలి, కుంట నిండితే వాగులోకి, వాగు ఈసీలోకి, ఈసీ హిమాయత్‌సాగర్‌లోకి, అక్కడి నుంచి మూసీలోకి. మీరు హైదరాబాద్ నగరంలో పునరుజ్జీవనం అంటున్న నది మా ఊరి కట్ట దగ్గర మొదలవుతుంది సారూ. మూసీ పొడవు దాదాపు 240 కిలోమీటర్లు. అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పునరుజ్జీవన పథకం మాత్రం నగరం నడుమ ఉన్న 55 కిలోమీటర్లకే. మనిషికి జబ్బు చేస్తే మెడ నుంచి గడ్డం వరకు పౌడరు రాసినట్టు. దీనికోసం సియోల్ దాకా వెళ్లి వచ్చారు. అక్కడి చోంగ్యేచోన్ వాగులో నీళ్లు తళతళలాడుతుంటే ముచ్చటపడ్డారు. ఆ నీళ్లు చాలావరకు హాన్ నది నుంచి మోటార్లతో తోడి పోస్తున్నవి. సబర్మతి చూసి వచ్చినవాళ్లకూ తెలుసు, అక్కడ కనబడేది నర్మద కాలువ నీరు. ఇక మనకు మల్లన్నసాగర్ జలాశయం నుంచి గోదావరి నీళ్లట. కొండ మీద పుట్టిన నదికి మోటార్లు పెట్టి వేరే నది నీళ్లు ఎక్కిస్తామంటున్నారే, అనంతగిరి మీద పడే వాన ఏమైందని ఒక్కరైనా అడిగారా?

అడిగినాయన ఒకరున్నారు, నూరేళ్లకు పైగా కిందట. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేశాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన నది ఒడ్డున నిలబడి ఆగిపోలేదు, తిరిగి పైకి చూశాడు. నగరానికి ఎగువన ఉన్న పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నాయని తేల్చాడు. ఇంచుమించు చదరపు మైలుకు ఒకటి. ఆ వరదలో 221 తెగాయని, అందులో 182 ఈసీ వైపువేనని లెక్క రాశాడు. ఆ తర్వాతే ఎగువన రెండు జలాశయాలు కట్టమన్నాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నది ఒడ్డున తోటలు వేయమని కూడా ఆయన చెప్పాడు, కాదనను. కానీ చెరువులు లెక్కపెట్టాకే చెప్పాడు.

ఇక నాకు వెటకారం చాలు. నగరంలో నది ఒడ్డున బతుకుతున్న బీదవాళ్ల గోడల మీద కూల్చడానికని ఎర్ర గుర్తులు వేయడానికి చేతులొచ్చాయి. ఎగువన చెరువులకు నీళ్లు తెచ్చే పాటుకాలువల మీద లేచిన ప్రహరీలకు ఒక్క గుర్తు వేయడానికి ఎందుకు రాలేదు? జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 ఊళ్లలో కట్టడాలకు హద్దులు పెడుతూ 1996లో తెచ్చిన 111 జీవోను 2022లో ఎత్తేస్తూ ఇంకో జీవో ఇచ్చింది ఎవరు? మూసీకి కొత్త ఊపిరి అన్న 2024లోనే, మూసీ పుట్టే వికారాబాద్ జిల్లాలో దామగుండం అడవి 2,900 ఎకరాలు నేవీ రేడియో కేంద్రానికి పోయింది. నీళ్లు పుట్టేచోట గొంతు నులిమి, నీళ్లు కనబడేచోట పూలకుండీలు పెడతారా? ఇది నదిని బాగుచేయడం కాదు. శవానికి జుట్టు దువ్వడం.

మా చెరువు కథా అదే. మిషన్ కాకతీయలో పూడిక తీశారు. మంచి పనే, ఆ మట్టి మా పొలంలోనూ పడింది. గిన్నె తోమారు సరే, అందులోకి నీళ్లు వచ్చే దారేది? మా పాటుకాలువ మూడు కిలోమీటర్లు. పటంలో ఇప్పటికీ నీలిగీత ఉంది. నేలమీద మొదటి కిలోమీటరు మామిడి తోట కంచెలో ఉంది, రెండోది వెంచరులో నలభై అడుగుల రోడ్డయింది, మూడోది చెత్తకుప్ప. కొన్నవాళ్ల తప్పు నేను అనను, అమ్మినవాళ్లకూ అనుమతిచ్చినవాళ్లకూ తెలుసు. 'ప్రజల భాగస్వామ్యంతో' చెరువును సుందరీకరించామని శిలాఫలకం మీద ఉంది. ఆ భాగస్వామి నేనే. ఒకరోజు ఒకబ్బాయి రిజిస్టరు పట్టుకొచ్చి సంతకం పెట్టమన్నాడు. దేనికంటే మీటింగుకు వచ్చినట్టు అన్నాడు. ఏ మీటింగు అంటే, 'అయిపోయింది సార్, సమోసాలు కూడా అయిపోయాయి' అన్నాడు. 1997లో చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలు పెట్టినప్పుడు మా ఊళ్లో ఎన్నిక మీద తలలు పగిలినంత పనైంది. అది మాత్రం భాగస్వామ్యం. తలలు పగిలేంత పట్టింపు ఇప్పుడు ఎవరికుంది? లైకులు ఎన్ని వచ్చాయన్నదే పట్టింపు.

పోయిన వారం రాత్రంతా దంచికొట్టింది. తెల్లవారి కట్ట మీదికి వెళ్లి చూస్తే చెరువులో జానెడు నీళ్లయినా పెరగలేదు. నీళ్లన్నీ వెంచరు రోడ్డు పట్టుకుని వెళ్లి కొత్త కాలనీలో వంటింటి గట్ల దాకా ఎక్కాయి. కాలనీవాళ్లు పది గంటలకు ధర్నాకు దిగారు. ఆ గుండెకాయ ముందే బైఠాయించారు, చెరువుకు వీపు పెట్టి.