ఆయ్!

నిడదవోలు జంక్షన్లో దిగే కొత్తవాళ్లకి ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. మావాళ్ల ‘ఆయ్’కి ‘అవును’ అని అర్థం కాదు. ‘వింటున్నానండి, తమరు కానివ్వండి’ అని మాత్రమే.

ఈ తేడా తెలియని కానిస్టేబులు ఒకాయన, మొన్న సాయంత్రం కాలువ గట్టున మా వీధి బావగారికి ఎదురయ్యాడు. తుండుగుడ్డ, క్వార్టరు సీసా, రెండు నీళ్ల ప్యాకెట్లు, నూనె ఓడుతున్న పకోడీ పొట్లం. “తాగావా?” “ఆయ్.” “వయసొచ్చింది, బుద్ధి రాలేదా?” “ఆయ్.” రెంటికీ ఒకటే జవాబైనా కాగితం మీదికి మొదటిదే ఎక్కింది. “ఏ జిల్లాలో ఉన్నావో తెలుసా?” అంటే “పశ్చిమగోదావరండి” అన్నాడట. ఇంకేం, ఒళ్లు తెలియని స్థితి అని రాసేసుకున్నారు. 2022 ఏప్రిల్లో మమ్మల్ని తూర్పుగోదావరిలో కలిపారు గానీ, ఊళ్లో సగంమంది పొద్దున్నే కాఫీ తాగి కూడా ఇదే జవాబు చెబుతారు.

ఇంట్లో తాగొచ్చుగా అంటారా? 1995 జనవరి 16న వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని రాష్ట్రంలో 1997లో ఎత్తేశారు. బావగారింట్లో అక్కయ్యగారు ఎత్తలేదు. 2019లో సర్కారే కొట్లు పెట్టి, పర్మిట్ రూములు మూయించింది. 2024 అక్టోబరులో కొట్లు మళ్లీ ప్రైవేటు చేతికొచ్చి, 99 రూపాయల క్వార్టరూ వచ్చింది. సరుకు చవకైంది, కూర్చునే చోటు మాత్రం గట్టే. ఇప్పుడు గదులు తెరిచినా గోదారి గాలి అందులోకి రాదుగా!

కేసు పడ్డాక ప్లీడరుగారు ధైర్యం చెప్పారు. భారతీయ న్యాయ సంహిత 355 ప్రకారం నలుగురు తిరిగే చోట తాగి ఉండడం ఒక్కటే చాలదు, ఎవరికో చిరాకు పుట్టించాలి. “ఎవరికి పుట్టించావయ్యా?” గట్టున ఉన్నవి రెండు గేదెలు. వాటి వాంగ్మూలం ఎవరూ తీసుకోలేదు. (ఇదే నేరానికి 1860 నాటి పాత చట్టంలో జరిమానా పది రూపాయలు దాటేది కాదు. 2024 జూన్ దాకా అంతే. ఈ దేశంలో నూటఅరవై ఏళ్లు ధర పెరగని సరుకు అదొక్కటే. ఇప్పుడు వెయ్యి దాకా వెయ్యొచ్చు, లేదా సమాజసేవ చేయించొచ్చు.)

“మరి వాసనండి?” నోట వాసన, నడకలో తూలు, మాట తడబాటు ఉన్నంతమాత్రాన రక్తపరీక్ష లేకుండా తాగినట్టు తేలిపోదని 1971లో సుప్రీంకోర్టు ఒక కారు కేసులో చెప్పింది. పైగా 2025 జులైలో కేరళలోని పందళం డిపోలో పనస తొనలు తిన్న బస్సు డ్రైవర్లని బ్రీత్ ఎనలైజరు తాగుబోతుల్ని చేసింది. బావగారి కళ్లు మెరిశాయి. “నేనూ మొన్న పెళ్లిలో పనసపొట్టు కూర తిన్నానండి!” “అది పచ్చికాయ. ఆవ పెట్టినా సారా అవదు.”

ఇష్టం లేకుండా ఎవరైనా మందు పట్టిస్తే చట్టం కొంత కనికరిస్తుందని తెలిసి ఆయన మళ్లీ లేచాడు. గోదారి మర్యాదలో బలవంతం కానిదేముంది? “ఒక్కడివే కూర్చున్నావు కదయ్యా. బలవంతం చేసిందెవరు, పకోడీయా?”

చివరికి ప్లీడరుగారు అసలు ఆయుధం తీశారు. పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో రుజువుకి పనికిరాదు. గట్టు మీది ‘ఆయ్’ అక్కడే కాలువలో కొట్టుకుపోయినట్టు లెక్క. బావగారు ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు, తాగకుండానే.

వాయిదా రోజు ఇస్త్రీ చొక్కా, నుదుట కోటసత్తెమ్మ కుంకుమ. పేరు పిలిచారు. బోనెక్కి చేతులు కట్టుకున్నాడు.

“నేరం ఒప్పుకుంటున్నారా?” అన్నారు మేజిస్ట్రేటుగారు.

అంత పెద్దాయన ‘మీరు’ అని పిలిచేసరికి బావగారి మెడ దానంతటదే వంగింది.

“ఆయ్.”