ఐ7 ఏ ఇయర్ పాసవుట్?

"తమ్మీ, నీ దగ్గర ఐ7 ఉన్నది. కార్డొక్కటి ఏస్కో, ఏ గేమైనా మక్ఖన్ లెక్క నడుస్తది!"

అమీర్‌పేట మైత్రీవనం పక్క సందుల నుంచి పంజాగుట్ట దాకా, పాత కంప్యూటర్లకు వైద్యం చేసే కొట్ల ముందు ఎక్కడ ఆగినా ఈ అభయహస్తం దొరుకుతుంది. ఎదురుగా నిలబడ్డ కుర్రాడు ఎస్సార్‌నగర్ హాస్టల్లో ఉంటాడు, ఊరు నరసరావుపేట అవతల. "నిజంగా ఆడుద్దా అన్నా?" అని ఒకటికి రెండుసార్లు అడుగుతాడు. జేబులో పదిహేను వేలున్నాయి. ఇంట్లో చెప్పింది మాత్రం కోడింగ్ కోసమని.

అమీర్‌పేటలో మనిషికి ఎదురయ్యే మొదటి ప్రశ్న తెలిసిందే: ఏ ఇయర్ పాసవుట్? డెమో క్లాసు గుమ్మంలో అదే, కన్సల్టెన్సీ కుర్చీలో అదే, చాయ్ బండి దగ్గరా అదే. రెండేళ్లు గ్యాప్ ఉందంటే అవతలివాడి ముఖం ముడుచుకుపోతుంది. ఇంత పట్టింపున్న పేటలో ప్రాసెసర్ని మాత్రం ఎవరూ ఆ ప్రశ్న అడగరు. ఐ7 అంటే ఐ7, అంతే. పక్కనే 2600 అని ఉంటుంది. అందులో మొదటి అంకె రెండో తరమని చెబుతోంది. ఇంటెల్ దాన్ని మార్కెట్లోకి వదిలింది 2011 జనవరిలో. ఆ ఏడు బీటెక్ ముగించినవాళ్లు ఈపాటికి గచ్చిబౌలిలో మేనేజర్లయి, ఈఎంఐలు సగం కట్టేసి, నడుం నొప్పికి డాక్టరు చుట్టూ తిరుగుతున్నారు. ఆ బ్యాచ్ చిప్పు ఒక్కటే ఇంకా హాస్టల్ మంచం పక్కన పరుగుపందేనికి సిద్ధమంటోంది.

ఇక ఐ3 అంటారా, దానికి అమీర్‌పేటలో సంబంధాలే రావు. 2022లో వచ్చిన ఐ3-12100కి కూడా నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే. కాగితం మీద మన ముసలి ఐ7తో సరిసమానం. ఆటలోకి దిగాక ఆ ఐ7 దాని దరిదాపుల్లోకి కూడా రాలేదు. కానీ "ఐ3 కొన్నా" అని రూమ్మేట్లకు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

గ్రాఫిక్స్ కార్డు దగ్గరకొస్తే కొలత మారుతుంది. అక్కడ జీబీలు కావాలి. "నాలుగు జీబీ కార్డు, తమ్మీ" అంటూ అన్న తీసే పెట్టెలో సాధారణంగా జీటీ 730 ఉంటుంది. 2014 నాటి సరుకు, డీడీఆర్3 మెమరీ, 64 బిట్ల దారి. ఆ దారిలో సెకనుకు 14.4 జీబీ సమాచారం నడుస్తుంది. అదే ఏడాది వచ్చిన జీటీఎక్స్ 750 టీఐకి ఉన్నది రెండే జీబీలు, సెకనుకు నడిపేది 86.4. అంటే సరిగ్గా ఆరు రెట్లు. అయినా కొట్లో పోటీ పెడితే నెగ్గేది మొదటిదే, ఎందుకంటే రెండు కన్నా నాలుగు పెద్దది. కొట్టువాణ్ణి ఒక్కణ్ణే అని లాభం లేదు. కుర్రాడే కదా మెట్లెక్కీ ఎక్కకుండానే "ఎన్ని జీబీ అన్నా?" అన్నాడు! అడిగినదానికి అన్న అబద్ధం చెప్పలేదు.

అసలు తమాషా ఎస్‌ఎంపీఎస్‌లో ఉంది. క్యాబినెట్ వెనక ఉండి కంప్యూటర్‌కి కరెంటు పంచే ఈ ఇనప డబ్బా మెరవదు, దాని మీద ఏ ఆట బొమ్మా ఉండదు. కాబట్టి బడ్జెట్‌లో దాని వాటా సున్నా. "పాతదే నడుస్తది, 450 వాట్లు ఉన్నది గదా." ఒకసారి ఆ డబ్బాను పక్కకు తిప్పి స్టిక్కరు చదవండి. పైన లావుపాటి అంకెల్లో 450. కింద కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనపడని పట్టికలో 12 వోల్టుల గడి, అందులో 16 ఆంపియర్లు. కార్డూ ప్రాసెసరూ ప్రధానంగా కరెంటు తాగేది ఆ గడిలోంచే. పన్నెండు పదహార్లు నూట తొంభై రెండు. మిగతా వాట్లలో చాలామటుకు, ఈ రెండింటికీ అక్కరకు రాని చిన్న వోల్టుల గడుల్లోంచి ఏరి కూడినవి. ఐ7-2600 రేటింగు 95 వాట్లు. ఇప్పుడు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కి మహారాజైన ఆర్‌ఎక్స్ 580 రేటింగు 185. రెండూ కలిస్తే 280, డబ్బా ఇవ్వగలిగింది 192. ఆ కార్డుకి ఎనిమిది పిన్నుల వైరు కావాలి. ఈ డబ్బాకి అసలు ఆ వైరే ఉండదు. తయారుచేసినవాడు, పాపం, ఆ మాత్రం నిజాయితీగానే చెప్పాడు, నా వల్ల కాదని. అన్న మాత్రం సొరుగులోంచి ఒక కన్వర్టర్ తీసి "ఇగో, సెట్ అయిపాయె" అంటాడు. తర్వాత ఆట మధ్యలో సిస్టమ్ టప్పున ఆరిపోతే తప్పు కరెంటోళ్లది.

ఆ ఆర్‌ఎక్స్ 580 జాతకం కూడా చూడాలి. 2017లో పుట్టిన ఈ కార్డులు ఎన్నో రాత్రీ పగలూ ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీ తవ్వకాల్లో మగ్గాయి. 2022 సెప్టెంబర్ 15న ఈథీరియం తన పద్ధతి మార్చుకుంది. కార్డులతో తవ్వే కొలువు ఒక్కరోజులో ఊడింది. ఆ లేఆఫ్‌లో రోడ్డున పడ్డవాటిలో కొన్ని తుడిపించుకుని, కొత్త పేస్టు రాయించుకుని ఇక్కడి అద్దాల బీరువాల్లో కూర్చున్నాయి. అమీర్‌పేటలో కొందరు మనుషులు చేయని ఉద్యోగానికి మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టుకుని ఇంటర్వ్యూలకు పోతారు, అప్పుడప్పుడూ పోలీసులు ఆ సర్టిఫికెట్ల ముఠాలను పట్టుకుంటారు. కార్డులది తలకిందుల వ్యవహారం. మూడేళ్లు గనిలో చాకిరీ చేసి వచ్చి ఫ్రెషర్ అంటాయి. "ఒక డాక్టర్ సాబ్ వాడిండు, వారానికోసారి సినిమా చూసేటోడు." మంచిదే. అరగంట బరువైన ఆట నడిపి చూపించమంటే మాత్రం అన్నకి హఠాత్తుగా భోజనం వేళవుతుంది. ఫ్యాను గరగరమంటోందా, వేడి ఎంతకెక్కుతోంది, తెరమీద చుక్కలు పడుతున్నాయా అని చూడ్డానికి ఇచ్చిన గడువు పేరు చెకింగ్ వారంటీ. ఏడు రోజులు. ఎనిమిదో రోజు అన్న మిమ్మల్ని గుర్తుపట్టడు.

ర్యామ్ సంగతి క్లుప్తంగా. పై అంతస్తు ఇన్‌స్టిట్యూట్‌లో ఏఐ కోర్సు, కింద కొట్లో ర్యామ్. ఏఐ సర్వర్లకే చిప్పులన్నీ తరలిపోవడంతో 2025 చివర్లో ధర కొండెక్కింది. మైక్రాన్ అయితే ఆ డిసెంబర్‌లో తన క్రూషియల్ బ్రాండునే మూసేస్తానంది. పైన ఫీజు కట్టినవాడే కింద రేటు చూసి తిట్టుకుంటూ పోతున్నాడు.

పదిహేను వేలతో బుద్ధిమంతుడు చేసే పని చూడ్డానికి చప్పగా ఉంటుంది. ముందు ఎస్‌ఎస్‌డీ, తర్వాత స్టిక్కరు మీద 12 వోల్టుల లెక్క తేలే ఎస్‌ఎంపీఎస్, ఆ మీదట 75 వాట్లతో సరిపెట్టుకునే జీటీఎక్స్ 1650 లాంటి కార్డు. రేట్లు నాలుగు చోట్ల అడగాలనుకుంటే అమీర్‌పేటలో మెట్రో నీలం లైను ఎక్కి ప్యారడైజ్‌లో దిగితే, కాస్త నడకలో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. బోర్డే మార్చాల్సిన రోజొస్తే, 2017 నాటి ఏఎం4 బోర్డులు చాలావాటిలో బయోస్ అప్‌డేట్ చేసి 2022 నాటి రైజెన్ 5 5600ని కూర్చోబెట్టొచ్చని కూడా తెలిసుండాలి. ఇందులో ఒక్క రంగు లైటూ లేదు కాబట్టి ఎవరూ ఈ పని చేయరు.

మన కుర్రాడూ చేయలేదు. నాలుగు రంగుల ఫ్యాన్లు, గాజు తలుపు క్యాబినెట్, ఫ్రెషర్ కార్డు మోసుకుని హాస్టల్‌కి చేరాడు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్టు ఆపేసింది కదాని, అన్న దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించి పంపాడు, అదీ ఫ్రీగా. రాత్రి వాలరెంట్ తెరిస్తే వ్యాన్ 9001 అని ఎర్రర్. విండోస్ 11 మీద ఆ ఆట టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అడుగుతుంది. 2011 బోర్డుకి టీపీఎం 2.0 ఎక్కడిది? విండోస్ 10నే ఉంచి ఉంటే ఈ గొడవే లేదు.

మర్నాడు పొద్దున్నే కొట్టుకి పోయాడు. అన్న ఆవులిస్తూ వివరించాడు: "బోర్డు మార్చాలె తమ్మీ. బోర్డు మారితే ప్రాసెసర్ మారుతది. ప్రాసెసర్ మారితే ర్యామ్ మారుతది. ఎస్‌ఎంపీఎస్ ఎట్లయినా మార్చాలె, గది నేను మొదట్నే చెప్పిన."

"మరి ఈ ఐ7 ఏం చేయను అన్నా?"

"ఏ ఇయర్‌ది అది?" అన్నాడు అన్న, మొట్టమొదటిసారి. "2011దా? మూడొందలిస్త. క్యాబినెట్ కలిపిస్తే అయిదొందలు."